ఆరేదాకా తొక్కొద్దు

జాబ్రియా
ఫిబ్రవరి, 1984

మంగఫ్ క్యాంపులో ఉన్న నాగేశ్వర మామకు, నీ అక్క కూతురూ నీ పెండ్లామూ అయిన రెడ్డెమ్మ రాసేది.

నేను బతికే ఉన్నాను. నువ్వూ బతికే ఉన్నావని హుస్సేన్ వలి అన్న చెప్పాడు. ఈ ఇంటి డ్రైవరు మన రాయచోటివాడు కావడం నా అదృష్టం. ఆయనే లేకపోతే శుక్రవారం ఖైతాన్ టీకొట్టులో నీ చేతికి ఈ జాబు ఇచ్చే దిక్కు ఎవరు? ఊళ్లో మనమంటే అందరికీ కుళ్లు. మొగుడూ పెండ్లాలిద్దరూ కువైట్‌లోనే ఉన్నారు, వాళ్లకేం అనుకుంటున్నారట. నీ పక్కన ఉండొచ్చని ఎగిరి గంతేసి విమానం ఎక్కాను. దిగిన దేశంలో నీ ముఖం చూసింది రెండుసార్లు, అదీ రోడ్డు మీద నిలబడి.

ఈ ఇంటామెను మామా అని పిలవాలట. పనివాళ్లందరూ అట్లాగే పిలుస్తారు. నిన్ను పిలిచే పిలుపు తీసుకుపోయి ఆమెకిచ్చాను. నోరు తిరగక చచ్చాను. ఈ జాబుల్లో మాత్రం ఆమె ఇంటామె, నువ్వు మామ.

అసలు సంగతి చెప్తాను. ఇంటాయన పెద్ద కారు కొన్నాడు. గరాజులో సిమెంటు దుమ్ము లేచి కారు మీద పడుతోందని, నూనె మరకలు పోవడం లేదని రోజూ గొడవ. నేల మీద గట్టిగా ఏదైనా వేయించాలంటున్నారు. ఇంటామె పాలరాయిలాంటి టైల్స్ అంటుంది, ఆయన రంగు అంటాడు. నేను ఊరుకోకుండా, మా అమ్మ సొంత తమ్ముడు చమురు కంపెనీలో ఇదే పని చేస్తాడు అన్నాను. ఇంటామె ముఖం విప్పారింది. మేనమామను వీళ్లు ఖాల్ అంటారు. "ఖాల్! నీ ఖాల్ ఇక్కడే ఉన్నాడా? ఇన్నాళ్లూ చెప్పలేదేం? రమ్మను, చూసి పొమ్మను" అంది. మొగుడంటే గేటు దగ్గరికి కూడా రానివ్వరు, మొగుడు ఊళ్లో ఉంటే పనిమనిషి పారిపోతుందని వీళ్ల భయం. నేను చేరిన రోజు మొగుడెక్కడ అని ఇంటామె అడిగితే, ఏజెంటు ఇండియాలో అనేశాడు. నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

హుస్సేన్ వలి అన్న మాత్రం నన్ను పక్కకు పిలిచి కోప్పడ్డాడు. "అమ్మాయ్, ఒకసారి ఖాల్ అన్యాంక మళ్లా మొగుడని నోరు జారొద్దు. వీళ్లల్లో, మాలో గూడా, మేనమామను చేసుకునేది హరాం. తల పగలగొట్టుకున్యా నమ్మరు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. "మా ఊర్లో ఇంటికొకరు మేనమామను చేసుకున్నోళ్లే గదన్నా. దాంట్లో నమ్మకపోయేదేముంది?" అన్నాను.

ఏ రంగు మంచిదో వివరంగా రాయి. ఇంకొకటి. నా గది గరాజు వెనకాలే ఉంది. గరాజు దాటకుండా నా గదికి దారి లేదు.

రెడ్డెమ్మ


మంగఫ్
ఫిబ్రవరి, 1984

రెడ్డెమ్మకు, నాగేశ్వర రాసేది.

నీ జాబు ముట్టింది. చదివి రెండు దినాలు నాలో నేనే నవ్వుకుంటూ తిరిగాను. నీకు పిచ్చి పట్టిందా అని గదిలోవాళ్లు అడిగారు.

టైల్స్ వద్దని చెప్పు. కారు కింద జాకీ పెడితే పగులుతాయి, సందుల్లోకి నూనె దిగితే ఎంత తోమినా నలుపు పోదు. ఆ తోమేది ఇంటామె కాదు, నువ్వు. మామూలు నేల రంగు ఉంది. పొద్దున వేస్తే సాయంత్రానికి ఆరుతుంది, చూడ్డానికి సింగారంగా ఉంటుంది. ఎండాకాలం రానీ. రోడ్డు మీద కాలిన టైర్లతో కారొచ్చి దాని మీద నిలబడితే, మళ్లీ తీసేటప్పుడు టైరుతో పాటు రంగూ లేస్తుంది, పాల మీద మీగడ తీసినట్టు.

మూడోది మా వర్క్‌షాపుల్లో వేసేది. ఫోర్‌మన్ ఎపాక్సీ అంటాడు, మేము రెండు డబ్బాల మందు అంటాం. ఒక డబ్బాలో బంక, ఇంకో డబ్బాలో దాన్ని బిగించే మందు. రెండూ కలిపాక బీడీ తాగడానికి కూడా తీరిక ఉండదు, డబ్బాలోనే రాయవుతుంది. ముందు నేలను యాసిడ్‌తో కడగాలి, బాగా ఎండనివ్వాలి, పగుళ్లు పూడ్చాలి. పలచగా ఒక కోటు వేసి, అది ఆరాక చిక్కగా ఇంకోటి వెయ్యాలి. ఈ చలిలో ఆ చివరి కోటును ఒక పగలూ ఒక రాత్రీ పిల్లి కూడా తొక్కకూడదు. ఒకసారి బిగిసిందంటే దాని మీద లారీలు తిరిగినా గీత పడదు.

ఇప్పుడు నువ్వే ఆలోచించు. మామూలు రంగు వేస్తే ఏటేటా ఊడుతుంది, ఏటేటా నన్నే పిలుస్తారు. ఏడాదికొక పూటైనా నిన్ను చూడొచ్చు. గట్టిది వేస్తే ఈ కొద్ది రోజులే. తర్వాత ఆ గేటు తొక్కడానికి నాకు సాకు ఉండదు.

ఇంటాయన మా కంపెనీ మేనేజరుతో ఫోన్లో మాట్లాడితే నన్ను పంపుతారు. చాటుగా వస్తే నా ఇఖామా, ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, పోతుంది.

నాగేశ్వర


జాబ్రియా
ఫిబ్రవరి చివర, 1984

మామకు,

గట్టిదే వెయ్యి.

ఏడాదికొక పూట నీ ముఖం చూసి నేనేం చేసుకోను? పటం కట్టి గోడకు తగిలించుకోనా? నాకు ముప్పై దాటాయి. మన పెండ్లప్పుడు పుట్టిన పిల్లలు బడికి పోతున్నారు. అవ్వ, అంటే మీ అమ్మే, జాబు రాయించినప్పుడల్లా చివర ఒక మాట పెట్టిస్తుంది, "ఇంగా ఏం ల్యాదా మే?" అని. ఎట్లా ఉంటుంది? మంగఫ్ నుంచి జాబ్రియాకు గాలిలో వస్తుందా? నాకు నీ దర్శనం వద్దు మామా, నాకు బిడ్డ కావాలి.

టైల్స్ సంగతి ఇంటామెకు నేనే నచ్చజెప్పాను. ఇంటాయన మీ మేనేజరుకు ఫోను చేశాడు. వచ్చే వారం నిన్ను పంపుతారట. కడగడం, పగుళ్లు పూడ్చడం, మొదటి కోటు ఎట్లా చేస్తావో నీ ఇష్టం. చివరి కోటు మాత్రం నేను చెప్పినట్టు వెయ్యి. వీధి షట్టరు దగ్గర మొదలుపెట్టు. ఇంటి తలుపు వైపు నుంచి జరుగుతూ వెనక్కి రా. చివర నా గది గడప దగ్గర ఆపు. దినమంతా ఇల్లు తుడిచేదాన్ని, తడి నేలలో ఏ మూల నుంచి మొదలుపెడితే ఎక్కడ చిక్కుకుంటామో నాకు తెలియదా? నేను ముందే బట్టలు మడతపెట్టడానికి గదిలోకి పోయి ఉంటాను. నేల ఆరేదాకా అటు నుంచి ఎవరూ రాలేరు, ఇటు నుంచి మనం పోలేం.

సిగ్గు లేకుండా రాశానని అనుకోకు. సిగ్గు పడే వయసులో నువ్వు నన్ను వదిలి వచ్చావు.

రెడ్డెమ్మ


మంగఫ్
మార్చి మొదట్లో, 1984

రెడ్డెమ్మకు,

నీ తెలివి తగలెయ్య. కొత్తగా పనిలో చేరినవాడు రోలరు పట్టుకుని మూలన చిక్కుకుంటే ఫోర్‌మన్ బూతులు తిడతాడు. ఇన్నేళ్ల పనివాణ్ణి, నన్ను కావాలని చిక్కుకోమంటున్నావు.

నాకు భయంగానే ఉంది. ఎవరైనా పసిగడితే ఉద్యోగం పోతుంది, జైలు కూడా. అయినా వస్తాను.

నాగేశ్వర


జాబ్రియా
మార్చి, 1984

మామకు,

నువ్వు పోయాక ఏం జరిగిందో రాస్తాను, నవ్వుకో.

నేల పూర్తిగా ఆరలేదని మధ్యాహ్నం దాకా నేను గదిలోనే ఉన్నాను. ఇంటామె ఇంటి తలుపు దగ్గర నిలబడి అరిచింది. "గాడిదా, చాయ్ ఎవరు పెడతారు? నీ ఖాల్‌కు బుద్ధి లేదా, నిన్ను లోపల పెట్టి రంగేస్తాడా?" అని. తర్వాత ఆమెకే నవ్వొచ్చింది. ముందురోజు రాత్రి మనకు రొట్టెలు గుడ్డలో కట్టి విసిరింది చూశావు కదా, నువ్వు క్రికెట్ బంతిలాగా పట్టుకున్నావు. "పాపం, ఖాల్ అంటే తండ్రిలాంటివాడు, వాడికి మంచం ఇచ్చి నువ్వు కింద పడుకో" అని అరిచింది కూడా. ఎవరు ఎక్కడ పడుకున్నారో ఆమెకెందుకు!

అయితే ఆ రోజు తెల్లారకముందే మీ కంపెనీ వ్యాను వచ్చి హారను కొట్టడంతో నువ్వు దడుచుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని, ఆరీ ఆరని నేల మీద ఉత్త కాళ్లతో పోయావు. నీ అడుగులు పడ్డాయి మామా. నా గడప దగ్గర మొదలై షట్టరు దాకా వరసగా ఉన్నాయి, ఐదు వేళ్లూ లెక్కపెట్టుకోవచ్చు. ఇంటాయన చిరాకుపడ్డాడు. ఇంటామె మాత్రం "పోనీలే, మంచి పనివాడు, గుర్తు వదిలి పోయాడు" అంది.

నేల అద్దంలాగా ఉంది. రోజూ తుడుస్తున్నాను. నీ అడుగుల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నెమ్మదిస్తుంది. ఇన్నేళ్లకు నాకొక సంసారం ఉందని అనిపిస్తోంది.

నీ రెడ్డెమ్మ


మంగఫ్
ఏప్రిల్, 1984

రెడ్డెమ్మకు,

ఆ అడుగుల మాట చదివి నాకు తల కొట్టేసినట్టయింది. నా చేతి మీదుగా ఇన్ని నేలలు వేశాను, ఒక్కదాంట్లో వేలు గుర్తు కూడా లేదు. నీ దగ్గర వేసింది ఇట్లా తగలడింది. గరుకు కాగితంతో రుద్ది మళ్లీ కోటు వేస్తానని ఫోర్‌మన్‌ను అడిగాను. వేసింది చాలు, పని చూసుకో అన్నాడు. నువ్వే దాని మీద ఒక పట్టా పరుచు. ఎవరి కంట్లోనూ పడకపోవడం మంచిది.

ఆ రాత్రి గురించి జాబుల్లో ఎక్కువ రాయకు. క్యాంపులో ఎవరి చేతిలో పడుతుందో చెప్పలేం. నాకూ గుర్తుంది, అది చాలు.

నాగేశ్వర


జాబ్రియా
మే చివర, 1984

మామా,

నిలిచింది.

మొదటి నెల నమ్మలేదు. ఇప్పుడు పొద్దున్నే వాంతులు. ఇంటామె తిన్న చేప వాసనకే కడుపు తిప్పుతోంది. ఎవరికీ చెప్పలేదు, హుస్సేన్ వలి అన్నకు కూడా. ముందు నీకే రాస్తున్నాను. రాస్తూ ఏడుస్తున్నాను, సంతోషంతోనే.

కానీ ఇది దాగేది కాదు. నువ్వు రావాలి. ఇద్దరం ఇంటామె ముందు నిలబడి, మేము మొగుడూ పెండ్లాలం, మా ఆచారం ఇది అని చెప్దాం. తిడుతుంది, పంపేస్తుంది, పంపేయనీ. మన బిడ్డతో మన ఊరికి పోదాం. నేనొక్కదాన్నే చెప్తే నమ్మరు. నా పాస్‌పోర్టులో నాయన పేరే ఉంది, నీ పేరు లేదు. మన పెండ్లికి ఫొటో తీసినవాడు లేడు. నీ నోటి మాట తప్ప నాకు సాక్ష్యం లేదు.

రెడ్డెమ్మ


మంగఫ్
జూన్, 1984

రెడ్డెమ్మకు,

సంతోషం. ఆరోగ్యం జాగ్రత్త. బరువులు ఎత్తకు.

ఇప్పుడే ఏమీ చెప్పకు. నా ఇఖామా రెన్యువల్‌కు పోయింది. కొత్త ప్రాజెక్టు వచ్చింది, నన్ను మేస్త్రీని చేస్తారని ఫోర్‌మన్ అంటున్నాడు. ఈ టైములో గొడవ జరిగితే అంతా నేలపాలు. వదులు బట్టలు వేసుకో. ఇక్కడి ఆడవాళ్లు వేసుకునే పొడుగు గౌను ఒకటి ఇంటామెను అడుగు. రెండు నెలలు నెట్టుకొస్తే నేనే వచ్చి అన్నీ సర్దుతాను.

ఎండ చాలా ఎక్కువగా ఉంది. గరాజు నేల ఎట్లా ఉంది? టైర్లకు అంటుకోలేదు కదా?

నాగేశ్వర


జాబ్రియా
జూలై, 1984

మామకు,

నేల నిక్షేపంగా ఉంది. నా గురించి కూడా రాస్తాను, చదువు.

మెట్లు తుడుస్తుంటే ఇంటామె వెనక నిలబడి చాలాసేపు చూసింది. నన్ను లేపి నిలబెట్టి కడుపు మీద చెయ్యి పెట్టింది. ఎవరిది అంది. నా మొగుడిది అన్నాను. నీ మొగుడు ఇండియాలో ఉన్నాడు కదా అంది. లేదు, ఇక్కడే ఉన్నాడు, మీ గరాజు నేల వేసింది ఆయనే అన్నాను. ఇంత సులువుగా వచ్చింది మామా ఆ మాట. బరువు దించుకున్నట్టే అనిపించింది.

ఆమె కుర్చీలో కూలబడింది. "ఖాల్?" అంది. ఔను, ఖాలే, మొగుడు కూడా అన్నాను. ఆమె తల మీద చేతులు పెట్టుకుని అల్లాను తలుచుకుంది. నన్ను కొట్టి ఉంటే బాగుండేది. కొట్టలేదు. నా చేతిలో బకెట్ లాక్కుంది. నేను తాగే గ్లాసు చెత్తలో పారేసింది. దారిన పోయేవాడిదని చెప్పి ఉంటే తిట్టి ఊరుకునేదేమో. ఉన్న నిజం చెప్పినందుకు నన్ను పురుగును చూసినట్టు చూస్తోంది.

హుస్సేన్ వలి అన్నను పిలిచి అడిగారు. ఆయన తడబడకుండా ఇంటామెకు చెప్పాడు. "వాళ్ల మతంలో ఉంది మామా. ఊరంతా ఎరిగిన పెండ్లి. ఆయమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు" అన్నాడు. నువ్వూ దీంట్లో ఉన్నావా, నీ ఉద్యోగం కూడా తీసేయాలా అని ఇంటాయన అరిచాడు. అయినా ఆయన మాట మార్చలేదు. తర్వాత గరాజులోకి పోయి, నేను పరిచిన పట్టా లాగి, నీ అడుగులు ఒకరికొకరు చూపించుకున్నారు. మార్చిలో నవ్విన ఇంటామె ఇప్పుడు వాటి మీద ఉమ్మింది.

నన్ను గదిలో పెట్టి తాళం వేశారు. అన్నం మాత్రం అన్న తెచ్చి ఇస్తున్నాడు. ఇంటాయన మీ కంపెనీకి పోయి నిన్ను అడుగుతాడట. నువ్వు భయపడకు. వాళ్లు అడిగేది ఒక్క మాట. ఔను, నా పెండ్లామే అని చెప్పు. ఇద్దరినీ పంపేస్తారు, అంతే కదా. నేను బట్టలు సర్దుకుని కూర్చున్నాను.

నీ రెడ్డెమ్మ


మంగఫ్
ఆగస్టు మొదట్లో, 1984

రెడ్డెమ్మకు,

నీ జాబు ముట్టింది. నన్ను ఆఫీసులోకి పిలిచారు. మేనేజరు ఉన్నాడు, మీ ఇంటాయన ఉన్నాడు. ఆమెకు నువ్వు మేనమామవేనా అని అడిగారు. ఔనన్నాను. అది నిజమే కదా. ఇంకేవో మాట్లాడుకున్నారు, అరబ్బీలో, నాకు సరిగా అర్థం కాలేదు. తర్వాత పని చూసుకో పొమ్మన్నారు.

నువ్వు తొందరపడ్డావు. రెండు నెలలు ఆగమని చెప్పాను కదా. ఇద్దరం ఒకేసారి ఊరికి పోయి ఏం చేస్తాం? ఇక్కడ ఒకరైనా నిలబడాలి. నువ్వు ముందు పో. అమ్మ దగ్గర ఉండు. ఊళ్లో ఎవరైనా అడిగితే పెద్దగా వివరాలు చెప్పకు. నన్ను కొత్త సైటుకు మారుస్తున్నారు, అడ్రసు తర్వాత రాస్తాను. ఆ ఇంట్లోవాళ్లతో వాదన పెట్టుకోకు. నీ మంచికే చెప్తున్నాను.

నాగేశ్వర


సంబేపల్లె, రాయచోటి తాలూకా
సెప్టెంబరు, 1984

మేనమామ నాగేశ్వరకు,

క్షేమంగా చేరాను. అడ్రసు నువ్వు రాయలేదు, హుస్సేన్ వలి అన్న కనుక్కుని చెప్పాడు.

నన్ను విమానం ఎక్కించడానికి కారు నడిపింది ఆయనే. ఎయిర్‌పోర్టు దగ్గర సంచి దించి, తల వంచుకుని చెప్పాడు. "అమ్మాయ్, ఆ దినం ఆఫీసులో తర్జుమా చేసింది నేనే. ఆయప్ప నీకు ఏం రాసినాడో నాకు తెల్దు. రెండో మాట గూడా అడిగినారు. నువ్వు ఈమె మొగుడివా అని నేనే తెలుగులో అడిగినా. నా కండ్లల్లోకి చూడకుండా, కాదు, అక్క కూతురు, నాకు బిడ్డ మాదిరి, ఆ కడుపు సంగతి నాకు తెల్దు అన్యాడు. నేను మళ్లా అడిగినా. మళ్లా అదే అన్యాడు." చెప్పి ఆయన ఏడ్చాడు. నేను ఏడవలేదు.

నీకు అరబ్బీ అర్థం కాలేదని రాశావు. తెలుగు కూడా అర్థం కాలేదా?

వాళ్లు నన్ను నమ్మలేదంటే అర్థముంది. వాళ్ల ఆచారం వేరు. నా ముఖం చూసి తలుపు వేసుకున్న ఇంటామె మీద కూడా నాకు కోపం లేదు, ఆమె నిజంగానే పాపం జరిగిందనుకుంది. నీకు తెలుసు. మన పెండ్లిలో నా మెడలో మూడో ముడి వెయ్యలేక నవ్వులపాలైన మనిషివి నువ్వే. ఒక్క మాటకు ఇద్దరినీ ఊరికి పంపేవాళ్లు. మేస్త్రీ పని పోతుందని పెండ్లాన్ని బిడ్డను చేశావు.

అవ్వ నన్ను గడపలోనే నిలబెట్టి కడుపు తడిమింది. "నా కొడుకు బిడ్డను చూసి పోతే సాలమ్మా" అంది. పొద్దున్నే ఉగ్గుగిన్నె తోమి ఎండలో పెడుతోంది, ఇంకా మూడు నెలలుందని చెప్పినా వినదు. నువ్వన్న మాట ఆమెకు చెప్పలేదు. నీ మీద జాలితో కాదు. ఆ ముసలామె ఏం పాపం చేసిందని?

ఇంకొకటి చెప్పాలి, నీకు పనంటే ప్రాణం కదా. నన్ను పంపే ముందు నీ అడుగులు చెరిపేయడానికి ఇంటాయన వేరే పనివాళ్లను పిలిపించాడు. మిషను పెట్టి రుద్దారు, మందు పోశారు. గది కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పోలేదు. నేలంతా పగలగొడితే తప్ప ఇవి పోవు, ఎవడు వేశాడో గానీ గట్టి పని అని చెప్పి పోయారు. నువ్వు చెప్పింది నిజమే, లారీలు తిరిగినా గీత పడదు.

బిడ్డకు మాటలు వచ్చాక నాయన ఎక్కడ అని అడిగితే నేను అబద్ధం చెప్పను. కువైట్‌లో జాబ్రియా అని ఒక పేట ఉంది, అక్కడ ఒక గరాజు నేల మీద మీ నాయన అడుగులున్నాయి అంటాను. అన్నీ మీ అమ్మ గడప నుంచి బయటికి పోయేవే, ఇటు తిరిగింది ఒక్కటీ లేదు అంటాను.

నీకు ఇది నేను రాసే ఆఖరి జాబు. మీ అమ్మకు బాగోగులు రాస్తూ ఉండు, చదివి వినిపిస్తాను.

ఇట్లు,
నీ అక్క కూతురు,
రెడ్డెమ్మ